ఇసుక నేలలో డిస్పోజల్ లారీ: బాగుచేయడం, మార్చడం గురించి

ఒంగోలు నుంచి కావలి వైపు జాతీయ రహదారి 16 మీద ప్రయాణిస్తూ సింగరాయకొండ దాటాక ఎడమకు, అంటే సముద్రం వైపుకు, ఏ దారిలో తిరిగినా కొద్ది దూరంలోనే తారు అయిపోయి ఇసుక మొదలవుతుంది. పాకల మొదలుకొని ఉలవపాడు, రామాయపట్నం వరకు ఉన్న ఈ నేలలో సరుగుడు, జామాయిలు తోటలు విస్తారంగా ఉన్నాయి. కోత సమయంలో మామూలు లారీ తారు అంచునే ఆగిపోతుంది. దుంగలను ట్రాక్టర్ల మీద అక్కడికి చేర్చి, మళ్లీ దించి, మళ్లీ ఎక్కించాలి. అదే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే లారీ అయితే తోట మధ్యలోకే వెళ్లి లోడు ఎత్తుకుని వస్తుంది. మా ప్రాంతంలో మిలిటరీ డిస్పోజల్ బండ్లకు, అంటే సైన్యం వాడి అమ్మేసిన లారీలకు, గిరాకీ ఏర్పడటానికి కారణం ఇదే. వాటిని బాగుచేయడం, అవసరానికి తగినట్టు మార్చుకోవడం గురించి నేను చూసినదీ, చేసినదీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా బండ్ల గురించి. ఇక్కడ పాతవారు మిలిటరీ లారీ అన్నారంటే వారి మనసులో ఉండేది శక్తిమానే. జర్మనీకి చెందిన ఎం.ఏ.ఎన్. సంస్థ 415 మోడల్ ఆధారంగా, ఆ సంస్థ లైసెన్సుతో జబల్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలలో దీనిని తయారుచేశారు. 1950ల చివరలో మొదలైన ఆ తయారీ 1996 వరకు సాగింది. ఆ తరువాత సైన్యం అశోక్ లేలాండ్ స్టాలియన్‌కూ, టాటా వారి రెండున్నర టన్నుల ఫోర్ వీల్ డ్రైవ్ లారీకీ మారింది. ఆ రెంటినీ కూడా జబల్పూర్ వెహికల్ ఫ్యాక్టరీలోనే బిగించారు. బండి ఏ సంవత్సరానిదో తెలుసుకోవడానికి కాగితాలు తిరగేయనవసరం లేదు. పాత నంబరు పలక చెరగకుండా ఉంటే, దాని మీద పైకి చూపే బాణం గుర్తు పక్కన ఉండే రెండంకెలు సైన్యం ఆ బండిని తీసుకున్న సంవత్సరాన్ని చెబుతాయి.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఒక్కటే. ఈ బండ్లలో ఏదీ అలంకారానికి పెట్టినది కాదు. ఒక పైపు ఎందుకు అంత పైకి వెళ్లిందో, ఒక గొట్టం ఎందుకు అలా వంగిందో, రెండు బ్యాటరీలు ఎందుకు ఉన్నాయో తెలియకముందే గ్యాస్ కటింగు మొదలుపెడితే, డబ్బు పెట్టి మంచి బండిని మామూలు బండి కన్నా తక్కువ స్థాయికి దించినట్టవుతుంది. అందువల్ల బండి ఇంటికి రాగానే మొదట దాన్ని తయారైన నాటి స్థితికి తీసుకురావాలి, కొంతకాలం అలాగే నడిపి చూడాలి, ఆ తరువాతే మార్పుల గురించి ఆలోచించాలి. మా చుట్టుపక్కల ఏళ్ల తరబడి పనిచేస్తున్న బండ్లన్నీ ఈ వరుసలో తయారైనవే.

డిస్పోజల్ బండి తక్కువ తిరిగి, ఎక్కువ కాలం నిలబడి ఉంటుంది. కిలోమీటర్లు చూసి ఇంజను కొత్తదేనని సంబరపడటం సహజమే కానీ, ఇంజన్లను తిరుగుడు అరగదీస్తే నిలకడ బిగదీస్తుంది. అన్నిటికన్నా ముందు చూడవలసింది డీజిల్ పంపు. ఈ తరం ఇంజన్లకు ఉండేది వరుస పంపు. మన దగ్గర ఏ కంపెనీ పంపునైనా మైకో పంపు అనే అంటారు. 1951లో బెంగళూరులో మొదలైన మైకో సంస్థ 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా, ఆటోనగర్‌లో ఆ పేరు మాత్రం మారలేదు. ఆ పంపు పక్క మూత విప్పితే లోపల డీజిల్‌ను నెట్టే ఆరు ప్లంజర్లు వరుసగా కనిపిస్తాయి. వాటన్నిటినీ ఒకేసారి తిప్పి డీజిల్‌ను పెంచడం, తగ్గించడం చేసేది ర్యాకు అనే పొడవాటి కడ్డీ. ఏళ్లపాటు కదలకుండా ఉన్న బండిలో పాత డీజిల్ ఆరిపోయి ఈ కడ్డీ చుట్టూ గోధుమ రంగు జిగురుగా పేరుకుంటుంది. వేలితో తాకితే అంటదు, గోరుతో గీస్తే పొరగా లేస్తుంది. ఆ జిగురు ర్యాకును ఎక్కువ డీజిల్ ఇచ్చే వైపు పట్టేసిందనుకోండి, సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంటుంది, వేగం పెరుగుతుంది, ఇక ఆగదు. స్టాప్ కేబుల్ లాగినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఆ కేబుల్ లాగేది కూడా బిగుసుకున్న ఆ ర్యాకునే. డీజిల్ పైపు కోసినా పంపులో మిగిలిన డీజిల్‌తో ఇంకొంతసేపు తిరుగుతుంది. ఆ కొంతసేపట్లోనే కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని బయటకు వచ్చే ప్రమాదం ఉంది.

నాకు ఈ పని నేర్పిన ఒంగోలు మేస్త్రీ బండి దగ్గరకు రాగానే చెప్పిన మొదటి మాట ఇది: "సెల్ఫ్ మీద చెయ్యి వేయబాకయ్యా, ముందు ర్యాకు ఆడతా ఉండాదో లేదో చూడు." స్టాప్ లివరును చేత్తో వెనక్కు లాగి వదిలితే అది ఏ అడ్డూ లేకుండా స్ప్రింగుతో తన చోటికి రావాలి. రాకపోతే పంపు మూత విప్పి, పలుచని ఆయిలు కలిపిన డీజిల్ పోసి నానబెట్టి, చేత్తోనే కొద్దికొద్దిగా ఆడించాలి, సుత్తి వాడకూడదు. అప్పటికీ కదలకపోతే పంపును దించి క్యాలిబ్రేషన్‌కు, అంటే కొలత సరిచేయించడానికి, పంపడమే మార్గం. ర్యాకు బాగానే ఉన్నా, మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు ఎయిర్ క్లీనర్ విప్పి, గాలి లోపలికి వెళ్లే నోటికి సరిపోయే మందపాటి చెక్క పలకను చేతిలో పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడాలి. గాలి మూసేస్తే ఏ డీజిల్ ఇంజనైనా ఆగుతుంది. చెక్కకు బదులు అరచేయి గానీ గుడ్డ గానీ పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పీల్పు బలం అంతటిది. ఈ ఒక్క జాగ్రత్త చెప్పడం కోసమైనా ఈ వ్యాసం రాయవలసిందేనని నాకు అనిపించింది.

పంపు తరువాత ఇంజను తిరుగుతుందో లేదో చూడాలి. డీజిల్ చిమ్మే నాజిళ్లు దించి, ఆ రంధ్రాల గుండా ఒక్కో సిలిండరులో కొద్దిగా ఆయిలు పోసి, ఒకటి రెండు రోజులు వదిలేసి, ఆ తరువాత చేత్తోనే క్రాంకు తిప్పాలి. నాజిళ్లు తిరిగి బిగించకముందే సెల్ఫ్‌తో నాలుగు చుట్లు తిప్పితే మిగిలిన ఆయిలు బయటకు చిమ్మేస్తుంది. ట్యాంకు దించి కడగడం, రబ్బరు గొట్టాలన్నీ మార్చడం, బ్రేకు సిలిండర్లలోని రబ్బరు కప్పులు కొత్తవి వేయడం, గాలి ట్యాంకు అడుగున చేరిన నీరు వదలడం తప్పనిసరి పనులు. బ్రేకు గొట్టాలు మాత్రం పైకి ఎంత బాగా కనిపించినా మార్చవలసిందే. లోపలి పొర ఉబ్బితే నూనె వెళ్తుంది కానీ వెనక్కు రాదు, చక్రం పట్టేసి డ్రమ్ము కాలిపోతుంది.

ఇక కరెంటు సంగతి. ఈ లారీలు 24 వోల్టులతో నడుస్తాయి. 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటాయి. కొన్నవారిలో చాలామంది టేప్ రికార్డరు కోసమో, ఫోను ఛార్జింగు కోసమో ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగుతారు. అప్పుడు ఆ ఒక్క బ్యాటరీ ఖాళీ అవుతూ ఉంటుంది, రెండవది నిండుగా ఉంటుంది. ఛార్జింగు మాత్రం రెంటికీ కలిపి ఒకే లెక్కన వెళ్తుంది కాబట్టి, నిండుగా ఉన్నది ఉడికిపోతుంది, ఖాళీ అయినది ఎప్పటికీ నిండదు. కొద్ది నెలల్లో రెండూ పోతాయి, నింద ఆల్టర్నేటరు మీద పడుతుంది. 24ను 12కు తగ్గించే కన్వర్టరు ఒకటి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ఇంజను ఆపి కొన్ని గంటలు గడిచాక ఒక్కో బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల చుట్టూ, ఇంజను తిరుగుతున్నప్పుడు రెండిటి మీదా కలిపి 28 వోల్టుల చుట్టూ మీటరు చూపాలి. రెండు బ్యాటరీలనూ ఒకేసారి, ఒకే రకానివి మార్చాలి.

వెనుక హౌసింగు (ఇరుసునూ దాని గేర్లనూ కప్పి ఉంచే ఇనుప తొడుగు) గుమ్మటం మీద తెల్లరంగు వేసి, దాని మీద వెలుగు పడేలా ఒక చిన్న దీపం ఉండటం మీరు గమనించి ఉంటారు. చీకటిలో హెడ్‌లైట్లు ఆర్పి వరుసగా వెళ్లేటప్పుడు వెనుక బండి డ్రైవరు ఆ తెల్లని గుండ్రాన్ని చూసుకుంటూ దూరం కాపాడుకుంటాడు. చాలామంది ఆ దీపాన్ని పీకేసి తీగలు అలాగే వదిలేస్తారు, అవి ఎక్కడో రాసుకుని షార్టు అవుతాయి. పీకితే స్విచ్చు దాకా పీకాలి, లేదా ఉంచుకోవాలి. నేను ఉంచుకునే పక్షం. తోటలో రాత్రిపూట లోడు ఎత్తేటప్పుడు వెనుక నేల కనిపించడానికి అది ఎంతో ఉపయోగపడుతోంది.

ఇసుక నేలకు వస్తే, ఈ బండ్ల ప్రాణమంతా ట్రాన్స్‌ఫర్ కేసులో ఉంది. గేరుబాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనుక హౌసింగులకు పంచేది అదే. ముందు చక్రాలను కలిపే లివరును ఇసుకలోనూ బురదలోనూ మాత్రమే వేయాలి. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. ఇసుకలో ఆ తేడా జారి సర్దుకుంటుంది, తారు మీద సర్దుకునే చోటు లేక జాయింటు షాఫ్టులూ గేర్ల పళ్లూ మెలిపడతాయి. లివరు వెనక్కు రాకుండా మొండికేస్తే బలవంతం చేయనవసరం లేదు. బండిని కాస్త వెనక్కు నడిపితే ఆ మెలి విడిపోయి లివరు దానంతటదే వస్తుంది.

ఇదే కారణంతో టైర్ల విషయంలో కూడా పట్టుదలగా ఉండాలి. ముందు కొత్త టైర్లు, వెనుక అరిగిన టైర్లు వేసుకుని ఫోర్ వీల్‌లో నడిపితే నేరుగా వెళ్తున్నా సరే ఆ మెలి పడుతూనే ఉంటుంది. వేరు సైజు టైర్లయితే చెప్పనవసరమే లేదు. దొరికిన టైరు వేసుకుని నడిపిన ఒక బండి ట్రాన్స్‌ఫర్ కేసు విప్పినప్పుడు నేను దగ్గరే ఉన్నాను. అడుగున ఉన్న ఆయిలులో వేళ్లు పెడితే మెరిసే ఇనుప పొడి అంటుకుంది, బేరింగు బయటి రింగు మీద గోటి ఒంపంత గుంటలు వరుసగా ఉన్నాయి. ఆ పని చేయించుకున్న ఖర్చుతో ఆ బండి యజమాని ఆరు టైర్లూ కొత్తవి కొనుక్కుని ఉండవచ్చు. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తగ్గించడం, తారు ఎక్కగానే తిరిగి పట్టడం కూడా అలవాటు చేసుకోవాలి. బ్రేకు గాలి ట్యాంకు నుంచి ఒక గొట్టం తీసి టైర్లకు పట్టుకునేలా చేసుకోవడం మా దగ్గర జరిగిన మార్పుల్లో అతి చవకైనది, అతి ఉపయోగకరమైనది. ట్యాంకు దగ్గర మంచి వాల్వు పెట్టాలి, గాలి పట్టడం బండి ఆగి ఉన్నప్పుడే జరగాలి.

అసలు పెద్ద మార్పు ఇంజను మార్పిడి. శక్తిమాన్ ఇంజనుకు సామాన్లు దొరకడం కష్టమయ్యే కొద్దీ, దాని స్థానంలో టాటా 697 గానీ, లేలాండ్ 370 గానీ కూర్చోబెట్టడం సాధారణమైపోయింది. రెండూ మన ఆటోనగర్లలో కళ్లు మూసుకుని విప్పి బిగించగల మేస్త్రీలున్న ఇంజన్లు. 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. 128 మిల్లీమీటర్ల స్ట్రోకుతో లెక్కవేస్తే 5,675 సీసీ వస్తుంది. 370 అన్నది ఘనపు అంగుళాలలో ఇంజను పరిమాణం, అంటే ఆరు లీటర్ల పైచిలుకు. బలం విషయంలో రెండూ సరిపోతాయి. ఇబ్బంది అంతా ఇంజను అడుగున ఉంది.

మామూలు లారీలో ముందు ఇరుసు దూలంలా కిందికి వంగి ఉంటుంది కాబట్టి ఆయిలు ఛాంబరు ఎంత లోతున్నా దానికి చోటు దొరుకుతుంది. ఫోర్ వీల్ లారీలో ఆ చోట క్రౌను, పీనియను అనే గేర్లు ఉన్న హౌసింగు గుండు ఉంటుంది. ఖాళీ బండి నిలబడి ఉన్నప్పుడు ఛాంబరుకూ హౌసింగుకూ మధ్య నాలుగు వేళ్ల సందు కనిపిస్తే సరిపోయిందనుకుంటారు. లోడు పడి, చక్రం గుంటలో దిగి, కమాను పట్టీలు పూర్తిగా అణిగినప్పుడు ఆ గుండు పైకి వచ్చి ఛాంబరును గుద్దుతుంది. కొలత తీసుకోవలసింది పట్టీలు అణిగిన స్థితిలోనే. కమాన్లు బంపు రబ్బరుకు తగిలేదాకా జాకీతో హౌసింగును ఎత్తి, ఆ స్థితిలో సందు చూడాలి. చోటు చాలకపోతే రెండు దారులున్నాయి. ఇంజనును పైకి లేపడం మొదటిది. దానితో జాయింటు షాఫ్టు కోణం పెరుగుతుంది, ఫ్యాను రేడియేటరు మధ్యకు రాదు, క్యాబిను అడుగు రేకు కోయాలి. ఛాంబరును కోసి ఆకారం మార్చడం రెండవది. నేను దీనినే ఎంచుకుంటాను. హౌసింగు మీద ఉన్న భాగాన్ని పలుచన చేసి, కోల్పోయిన లోతును వెనుక వైపు పొడిగించి పూడ్చుకోవాలి, ఆయిలు పరిమాణం తగ్గకూడదు. ఆయిలు పీల్చే జల్లెడను కూడా లోతైన వైపుకు జరపాలి, లేకపోతే కాలువ గట్టు ఎక్కేటప్పుడు ఆయిలు ఒక పక్కకు చేరి జల్లెడ గాలి పీలుస్తుంది. ప్రెషరు గేజి ముల్లు అలా పడిపోయినప్పుడు బేరింగులు అరగడానికి ఎక్కువసేపు పట్టదు.

ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య వేసే అడాప్టరు ప్లేటు విషయంలో లేత్ షాపువారు తొందర పెడతారు. బోల్టు రంధ్రాలు కలిస్తే పని అయిపోయినట్టు కాదు. క్రాంకు మధ్యబిందువూ, గేరుబాక్సు షాఫ్టు మధ్యబిందువూ ఒకే గీత మీద ఉండాలి. ఫ్లైవీలుకు డయల్ గేజి (సూక్ష్మమైన తేడాను ముల్లుతో చూపే కొలత సాధనం) బిగించి, క్రాంకును చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ క్లచ్చు హౌసింగు బోరు చుట్టూ ముల్లు ఎంత కదులుతోందో చూడాలి. ఆ తేడా సరిచేశాకే, భాగాలను చోటు కదలకుండా పట్టి ఉంచే డోవెల్ పిన్నులు కొట్టాలి. అది లేని బండ్లలో క్లచ్చు ప్లేటు మధ్యభాగం చిరిగిపోవడం, పైలట్ బేరింగు అరవడం, గేరు దానంతటదే జారడం ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. ఇంకొక మాట. వేగం కోసం ఇంజను మార్చేవారిని నేను ప్రోత్సహించను. ఈ హౌసింగుల నిష్పత్తి ఇసుకలో లాగడానికి ఉద్దేశించినది, హైవే మీద లారీలతో పోటీకి కాదు.

నీటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా వైపు రొయ్యల చెరువుల గట్ల మీదా, వానాకాలంలో వాగుల్లోనూ ఈ బండ్లు దిగక తప్పదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయిన సంగతి నెల్లూరు వారికి గుర్తుండే ఉంటుంది. లారీ హౌసింగు నడిచి నడిచి వేడెక్కి ఉంటుంది. అది ఒక్కసారిగా చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, ఆయిల్ సీళ్ల సందుల నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. దీనికి మందు బ్రీదరు. హౌసింగు మీద ఉన్న ఆ చిన్న వాల్వుకు గొట్టం తగిలించి ఛాసీ పైదాకా తీసుకుపోతే, పీల్చవలసిన గాలి పొడి చోటు నుంచి వస్తుంది. సైన్యంలో నీటిలో దిగడానికి తయారైన బండ్లలో ఈ ఏర్పాటు ముందే ఉంటుంది. పనికిరాని గొట్టమనుకుని దాన్ని కోసేసిన బండ్లు చాలా చూశాను. నీటిలో దిగివచ్చిన మరునాడు డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేసి చూడండి. మొదట వచ్చే చుక్కలు తెల్లగా, పాలు కలిసినట్టు ఉంటే ఆయిలు మొత్తం మార్చవలసిందే. ఉప్పునీరైతే వారం కూడా ఆగకూడదు, బేరింగు రోలర్ల మీద తుప్పు మచ్చలు అంత త్వరగా పడతాయి. సముద్రపు గాలి తగిలే చోట ఛాసీ అడుగును మంచినీటితో కడగడం, కమాను పిన్నులకు గ్రీజు కొట్టడం వారం వారం జరగాలి.

గ్రానైటు గనులున్న చీమకుర్తి వైపు కొందరు ఈ బండ్లకు రాళ్లు ఎత్తే క్రేను బిగిస్తారు. ఒక ఘనపు మీటరు గ్రానైటు దాదాపు 3 టన్నులు తూగుతుంది. ఇసుకలో మూడు టన్నులు మోయడానికి తయారైన లారీ కొస మీద అలాంటి రాయి వేలాడితే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగు తేలిపోతుంది. వెనుక నేలకు ఆనే కాళ్లు లేకుండా, ఛాసీకి లోపల రెండవ పట్టీ వేయకుండా అటువంటి క్రేను పెట్టడం మనుషుల ప్రాణాలతో పని.

చట్టం గురించి తెలుసుకోకుండా డబ్బు పెట్టకండి. సైన్యం అమ్మిన బండికి విడుదల కాగితాలు సక్రమంగా ఉంటేనే రవాణా కార్యాలయంలో రిజిస్ట్రేషన్ గురించి మాట్లాడగలం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మార్పుల గురించినది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అందుచేత ఇంజను మార్పు వంటి పనిని అధికారుల అనుమతి చేతికి వచ్చాకే మొదలుపెట్టాలి. రంగు కూడా మార్చవలసిందే. రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇతర వాహనాలకు ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో ఉంది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దు చేయాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది; సైన్యం రక్షణ అవసరాలకు వాడే ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఉంది. పాత బండి కొనేవారు ఆ బండి ఏ కోవలోకి వస్తుందో ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ప్రస్తుతం మా షెడ్డులో ఉన్న శక్తిమాన్‌కు ముందు హౌసింగు నకిల్ సీళ్లు (చక్రం తిరిగే కీలు దగ్గర ఆయిలు కారకుండా ఆపేవి) మారుస్తున్నాము. అసలు సీళ్లు దొరకలేదు, పాతదాని బయటి, లోపలి కొలతలూ మందమూ వెర్నియర్‌తో తీసుకుని నెల్లూరులో అదే కొలతకు రబ్బరు సీళ్లు వెతుకుతున్నాము. ఎవరి దగ్గరైనా విప్పి పక్కన పెట్టిన ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటే, దాని బేరింగుల మీద చెక్కిన నంబర్లు రాసి ఉంచుకోండి. ఆ నంబర్లతోనే బజారులో మామూలు బేరింగులు దొరుకుతాయి, లారీ పేరు చెప్పి అడిగితే మాత్రం లేవనే చెబుతారు. పాత సీళ్లూ, బేరింగులూ అరిగిపోయినా పారేయవద్దు. కొత్తవి వచ్చేదాకా కొలతలకు అవే ఆధారం.